సత్యవాక్యమును తిన్నగా కోయుట

వేదపాఠము: 2 తిమోతి 2:14–26
కూడ చదువవలసినవి: మత్తయి 18:15–20, అపొ. కార్య. 18:24–28; ప్రకటన 2:1–7
కంఠస్థము చేయవలసినది: 2 తిమోతి 2:15



మన గ్రామ సంఘములలో కయ్యము పుట్టుటకు పెద్ద కారణము అక్కరలేదు. పంటకాలువ నీరు, పొలము గట్టు, పెండ్లిలో పిలుపు తప్పుట, సంఘపెద్దల ఎన్నిక, వీటిలో ఏదైనను చాలును. లోకస్థులు అట్టి కయ్యములో కఱ్ఱ పట్టుకొందురు. మనమైతే బైబిలు పట్టుకొందుము. ఒక పక్షమువారు ఒక వచనము చూపుదురు; రెండవ పక్షమువారు మరియొకటి చూపుదురు. ఇరువురి చేతిలోనున్నది ఒకే గ్రంథము. అయినను సాయంకాలమగుసరికి ఒక సంఘము రెండు గుంపులై రెండు అరుగులమీద కూర్చుండును.

వాక్యమును సరిగా వాడుట ఒక పాఠమనియు, జగడము మానుట మరియొక పాఠమనియు మనము తలంచుదుము. పౌలు ఈ రెంటిని ఒకే చోట, ఒకే ఊపిరిలో చెప్పుచున్నాడు. ఎందుకు అట్లు చెప్పెనో ఈ నెల మనము కలసి నేర్చుకొందము.

1. సంకెళ్లలోనుండి వచ్చిన ఉత్తరము

ఈ పత్రిక వ్రాయునప్పటికి పౌలు సంకెళ్లలో ఉన్నాడు (2:9). తాను ఈ లోకము విడుచు కాలము సమీపించెనని అతనికి తెలియును (4:6). చలికాలము రాకమునుపే రమ్మనియు, త్రోయలో విడిచివచ్చిన అంగీని, పుస్తకములను తెమ్మనియు తిమోతిని వేడుకొనుచున్నాడు (4:13, 21). మన ఇండ్లలో తండ్రి కడపటి మంచముమీదనుండి పిల్లలను పిలిచి చెప్పు మాటలు ఎంత బరువైనవో మనకు తెలియును. అట్టి వేళ ఎవరును అక్కరలేని మాట చెప్పరు. అట్టి ఉత్తరములో, ఈ పదుమూడు వచనములలోనే, నాలుగు మారులు (14, 16, 23, 24) మాటల జగడమును గూర్చియు వట్టి మాటలను గూర్చియు పౌలు హెచ్చరించుచున్నాడు.

తిమోతిని పౌలు ఎఫెసు పట్టణములో ఉంచియుండెను (1 తిమోతి 1:3). అది పౌలు మూడేండ్లు రాత్రింబగళ్లు కన్నీటితో బోధించిన స్థలము. అక్కడి పెద్దలను కడసారి చూచినప్పుడు, బయటినుండి తోడేళ్లవంటివారు వచ్చెదరనియు, అంతేకాక మీలోనుండియే కొందరు లేచి మాటలను వంకరచేసి శిష్యులను తమవెంట ఈడ్చుకొనిపోవుదురనియు అతడు చెప్పెను (అపొ. కార్య. 20:29–31). వంకర మాట ఎచ్చట మొదలగునో, గుంపులు కట్టుట అచ్చటనే మొదలగునని గమనించుడి.

2. తిన్నగా కోయుట అనగా ఏమి?

పదునైదవ వచనములో పౌలు తిమోతిని సిగ్గుపడనక్కరలేని పనివానిగా ఉండుమనుచున్నాడు. సత్యవాక్యమును గూర్చి అతడు అక్కడ వాడిన గ్రీకు మాటకు తిన్నగా కోయుట అని అర్థము. పాత నిబంధన గ్రీకు తర్జుమాలో సామెతలు 3:6లో ఇదే మాట త్రోవను తిన్నగా చేయుటను గూర్చి వాడబడినది. కొండలోగాని అడవిలోగాని అడ్డమైనవాటిని కోసి, నడుచువాడు తప్పిపోకుండ బాట తీసినట్టు అన్నమాట.

పౌలు డేరాలు కుట్టువాడని కూడ మనకు తెలియును (అపొ. కార్య. 18:3). డేరా ఒక ముక్కతో కాదు, అనేక ముక్కలు కలిపి కుట్టవలెను. ఒక ముక్క వంకరగా కోసినయెడల అది దాని ప్రక్క ముక్కతో కలియదు. కుట్టువాడు బలముగా లాగి కుట్టినను మొదటి గాలివానకే అచ్చట చిరుగును. వచనము సంగతియు అంతే. ఒక వచనమును మన ఇష్టము చొప్పున వంకరగా కోసితిమా, దాని ముందు వచనముతో అది కలియదు, వెనుక వచనముతో కలియదు, మిగిలిన గ్రంథముతోను కలియదు.

కనుక తిన్నగా కోయుటకు మూడు సులువైన నియమములు మనస్సున ఉంచుకొందము. చదువు తక్కువైనవారు సహితము వీటిని పాటింపగలరు.

మొదటిది, ముందు వెనుకలు చదువుట. అధ్యాయములు, వచన సంఖ్యలు అపొస్తలులు పెట్టినవి కావు. నేటి అధ్యాయముల విభజన 13వ శతాబ్దమునాటిది. క్రొత్త నిబంధనలో నేడున్న వచన సంఖ్యలను రాబర్ట్ ఎతియెన్ను అను ముద్రాపకుడు 1551లో అచ్చువేసెను. వెదకుటకు అవి మనకు మేలే. కాని అవి పొలములో కొలతరాళ్లవంటివి. రాయి ఉన్నంతమాత్రమున నేల తెగిపోదు. ఫిలిప్పీ 4:13ను మనము పరీక్షలకు, వ్యాపారములకు వాడుదుము. దానికి ముందున్న రెండు వచనములలో పౌలు ఆకలిలోను కలిమిలోను తృప్తిగా ఉండ నేర్చుకొంటినని చెప్పిన సంగతి విడిచిపెట్టుదుము.

రెండవది, ఎవరితో ఎప్పుడు చెప్పబడెనో విచారించుట. యిర్మీయా 29:11లోని సమాధానపు వాగ్దానము బబులోనులో చెరపట్టబడినవారికి పంపిన ఉత్తరములోనిది. దానికి ముందు వచనములోనే డెబ్బది సంవత్సరములు గడువవలెనని ఉన్నది. అనగా ఆ ఉత్తరము విన్న పెద్దలలో అనేకులు తమ కన్నులతో తిరుగు ప్రయాణమును చూడలేరు. అది తెలిసి చదివినయెడల ఆ వాగ్దానము చిన్నది కాదు, మరింత లోతుగును. తల్లిదండ్రులు చూడని మేలును దేవుడు పిల్లలకు దాచియుంచునని అది మనకు నేర్పును.

మూడవది, వాక్యమును వాక్యముతో పోల్చుట. మన ప్రభువును శోధించినవాడు సహితము వచనము చెప్పెను. 91వ కీర్తనలోని మాట ఎత్తి, దేవాలయ శిఖరమునుండి దుముకుమనెను (మత్తయి 4:6). ఆ కీర్తనలో దేవుడు నీ మార్గములన్నిటిలో కాపాడునను భాగమును అతడు విడిచిపెట్టెను. దుముకుట కుమారుని మార్గము కాదు గదా! ప్రభువు ఆ కీర్తనను కాదనలేదు. మరియొక వాక్యమును దాని ప్రక్కన ఉంచి దాని సరియైన హద్దు చూపెను (మత్తయి 4:7, ద్వితీ. 6:16). ఒకే వచనముతో జయింపవలెనని చూచువాడు ఎవరి మాదిరి ననుసరించుచున్నాడో ఆలోచింపవలెను.

నేడు ప్రతి ఇంటిలో ఫోనున్నది. ఉదయము లేచుసరికి పువ్వుల బొమ్మమీద సగము వచనము వచ్చి యుండును. అది చూచి సంతోషించుట తప్పు కాదు. అయితే ఆ సగము వచనముతోనే ఒక సిద్ధాంతము కట్టి, సాయంకాలము ఇరుగింటివారితో వాదమునకు పోవుట తప్పు. వచనము ఫోనులో వచ్చినను, అధ్యాయమును బైబిలులో తెరచి చదువుడి.

మన భాషలో ఈ వాక్యము ఊరక రాలేదు. లండన్ మిషనువారిలో అగస్టస్ డిగ్రాంజ్ అను దొర 1805లో విశాఖపట్నమునకు వచ్చి, ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి సహాయముతో సువార్తలను తెనిగించెను. 1810లో డిగ్రాంజ్ మరణించెను. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినప్పుడు చూచుటకు అతడు లేడు. అంత వెలపెట్టి మన చేతికి అందించిన గ్రంథమును పొరుగువానిమీద విసరు రాయిగా వాడుట మనకు తగునా?

3. ఏది పోరాటము, ఏది జగడము?

అట్లయితే తప్పుడు బోధ విని నోరు మూసికొని యుండవలెనా యని కొందరు అడుగుదురు. కాదు. హుమెనైయు, ఫిలేతు అను ఇద్దరి పేర్లు పౌలు దాచలేదు (2:17–18). పునరుత్థానము ఇదివరకే అయిపోయెనని వారు బోధించిరి. ఇది మాటలలోని చిన్న భేదము కాదు. క్రీస్తు మృతులలోనుండి లేచెనను సంగతి సువార్తకు వెన్నెముక. ఆ అధ్యాయములోనే ఎనిమిదవ వచనములో దానిని జ్ఞాపకముంచుకొనుమని తిమోతికి చెప్పియున్నాడు. అది కదిలినయెడల విశ్వాసుల నిరీక్షణ కూలిపోవును. కనుక ఆ బోధ కొరుకుపుండువలె ప్రాకునని పౌలు భయపడెను. అన్యులైన విశ్వాసులతో భోజనము మానినప్పుడు పేతురునే ముఖాముఖిగా ఎదిరించినవాడు పౌలు (గలతీ. 2:11–14).

అదే పౌలు భోజనపదార్థములను గూర్చియు దినములను గూర్చియు రోమా సంఘములో భేదము పుట్టినప్పుడు ఎవరినిగాని వెలివేయుమనలేదు, ఒకరినొకరు చేర్చుకొనుమనెను (రోమా. 14:1–6). సువార్త వెన్నెముకను తాకు ప్రశ్న ఒకటి. మనస్సాక్షికి విడువదగిన ప్రశ్న మరియొకటి. ఈ రెంటిని వేరుపరచలేకపోవుటవలననే మన జగడములలో సగము పుట్టుచున్నవి. ప్రభురాత్రి భోజనము ఒకే పాత్రలోనా, చిన్న గిన్నెలలోనా? ఆరాధనలో తబలా ఉండవచ్చునా? ఇట్టివాటికొరకు సంఘమును చీల్చినవాడు సత్యమును కాపాడినవాడు కాడు.

మిగిలిన సగము జగడములు అసలు వాక్యమును గూర్చినవే కావు. యెరూషలేములో మొదటి సంఘమునందు పుట్టిన సణుగు దేనినిగూర్చి? విధవరాండ్రకు దినదినము పంచు ఆహారమునుగూర్చి (అపొ. కార్య. 6:1). అపొస్తలులు దానిని సిద్ధాంత వాదముగా మార్చలేదు. ఏడుగురు మనుష్యులను ఏర్పరచి అన్నము సరిగా పంచునట్లు చేసిరి. మన మధ్యనైతే ఒకడు గట్టు జరిపినాడని మనస్సులో కోపముండును. నోటిలో మాత్రము బాప్తిస్మమును గూర్చిన వచనముండును. పెద్దలారా, అట్టి వేళ వచనమును విచారించుటకు ముందు గట్టును కొలవుడి.

4. మా తప్పిదము

ఈ సంగతి ఇతరులకు మాత్రమే చెప్పుట న్యాయము కాదు గనుక, మేము చేసిన తప్పిదమును ఇచ్చట ఒప్పుకొనుచున్నాము.

మిషను సెమినరీనుండి వచ్చిన క్రొత్తలో మేము ఒక చిన్న గ్రామములో సేవ చేయుచుంటిమి. అచ్చట ఒక వృద్ధుడైన సంఘపెద్ద ఉండెను. అతడు బడికి పోయినవాడు కాడు; పశువులు కాయుచు, ఒక బైబిలు స్త్రీ యొద్ద అక్షరములు నేర్చుకొని, సువార్తలు చదువగలిగెను. ఒక బుధవారము ప్రార్థన కూటమునకు నలుగురే వచ్చిరి. ఆ పెద్ద మత్తయి 18:20 తీసి, ఇద్దరు ముగ్గురు వచ్చినను ప్రభువు వచ్చును గనుక మనము తక్కువవారము కామని చెప్పి మమ్ములను ధైర్యపరచెను.

మేము వెంటనే లేచితిమి. ఆ వచనము కూటమునకు వచ్చువారి లెక్కను గూర్చినది కాదనియు, తప్పిపోయిన సహోదరుని గూర్చిన విచారణలో చెప్పబడినదనియు, పదునైదవ వచనమునుండి చదువవలెననియు, నేర్చుకొన్న గ్రీకు మాటలతో సహా వివరించితిమి. అంతలో వచ్చి చేరిన యౌవనులు కొందరు నవ్విరి. ఆ నవ్వు మాకు ఇంపుగా ఉండెనని చెప్పుటకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాము. ఆ పెద్ద ఏమియు అనలేదు. తన బైబిలును గుడ్డలో చుట్టుకొని, కడపటి ప్రార్థనవరకు తల వంచుకొని కూర్చుండెను. ఆ తరువాత అతడు కూటమునకు వచ్చుచుండెను గాని నోరు తెరవలేదు. కొంతకాలమునకు అతని కుమారుల ఇండ్లవారు మందిరమునకు రాక మానివేసిరి.

దాదాపు రెండేండ్ల తరువాత ప్రసంగము సిద్ధపరచుకొనుచు ఆ అధ్యాయమునే తెరచితిమి. మేము అతనిని చదువుమనిన పదునైదవ వచనము మా కన్నులయెదుట నిలిచెను. నీ సహోదరుడు తప్పిపోయినయెడల పదిమందిలో కాక అతడును నీవును ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పుమని ప్రభువు అచ్చట ఆజ్ఞాపించెను. మేము ఆ అధ్యాయపు అర్థమును చెప్పుటలో ఆ అధ్యాయమునే మీరితిమి. మా వివరణ సరియైనదే. మా కోత వంకరది.

ఆ సాయంకాలమే అతని ఇంటికి పోతిమి. అతడు పంచలో నులక మంచము అల్లుచుండెను. “తాతగారూ, ఆ బుధవారము నేను మిమ్మును నలుగురిలో అవమానపరచితిని. నన్ను క్షమించుడి” అని అడిగితిమి. అతడు చాలసేపు నులక లాగుచు ఊరకుండెను. పిమ్మట, “అయ్యగారూ, మీరు చెప్పిన అర్థమే నిజము. నేను ఇంటికి వచ్చి మొదటినుండి చదివినాను. కాని ఆ దినమునుండి వాక్యము పైకి చదువవలెనంటే నాకు భయము పట్టుకొన్నది” అనెను.

ఆ మాట మా గుండెలో నేటికిని ఉన్నది. ఆ రాత్రి దీపము దగ్గర కూర్చుండి ఆ అధ్యాయమును మేమిద్దరము మొదటినుండి కడవరకు చదివితిమి. అతని కుమారులు తరువాతి పండుగకు మందిరమునకు వచ్చిరి. ఆ పెద్ద మరల కూటములో ప్రార్థన చేసెను. అయితే మునుపటివలె వాక్యము తీసి నలుగురిని ధైర్యపరచుట మాత్రము తన మరణమువరకు మరల చేయలేదు. దేవుడు మమ్మును క్షమించెను, అతడును క్షమించెను. అయినను ఆ సంఘము ఒక స్వరమును పోగొట్టుకొనెను. మాటల జగడము వినువారిని చెరుపునని పౌలు చెప్పినది (2:14) ఇదియే.

5. అకుల ప్రిస్కిల్లల మాదిరి

మేము తప్పిన పనిని సరిగా చేసినవారు ఇద్దరున్నారు. వారు కూడ ఎఫెసులోనే చేసిరి. అపొల్లో అను వాక్చాతుర్యముగలవాడు అచ్చటి సమాజమందిరములో బోధించుచుండెను. అతనికి యోహాను బాప్తిస్మము మాత్రమే తెలియును. అకుల, ప్రిస్కిల్ల అతని బోధ విని, లోటు కనిపెట్టిరి. వారు మందిరములో లేచి అడ్డుపడలేదు. అతనిని తమయొద్దకు చేర్చుకొని, దేవుని మార్గమును మరి పూర్తిగా అతనికి తెలియజేసిరి (18:26). దాని ఫలమేమి? అపొల్లో పగవాడు కాలేదు, నోరు మూసికొనలేదు. అతడు అకయకు పోయి విశ్వాసులకు బహు సహాయకుడాయెను. ఆ దంపతులు కూడ పౌలువలె డేరాలు కుట్టువారే. తిన్నగా కోయుట వారి చేతులకు తెలిసినట్టే వారి నోటికిని తెలిసినది.

ఎదిరించువానితో సాత్వికముగా మాటలాడుమని పౌలు చెప్పుటకు కారణము ఇరువదియాఱవ వచనములో ఉన్నది: అతడు అపవాది ఉరిలో చిక్కినవాడు. వలలో చిక్కిన మేకపిల్లను ఎవరును కఱ్ఱతో కొట్టరు. కూర్చుండి నిదానముగా ముడి విప్పుదురు. వాదములో గెలుచుట మన గురి అయినయెడల కఱ్ఱ చాలును. మనిషిని విడిపించుట మన గురి అయినయెడల ఓపిక కావలెను.

6. మన దేశపు సంఘ చరిత్రలో ఒక సాక్ష్యము

పెద్ద భేదములుగలవారు సహితము జగడము లేక మాటలాడుకొనవచ్చుననుటకు మన ప్రాంతమువారే సాక్షులు. 1919 మే నెలలో తరంగంబాడిలో వేర్వేరు మిషనుల సేవకులు కూడుకొని సంఘ ఐక్యతను గూర్చి ఆలోచించిరి. వారిలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్పు వి. ఎస్. అజరయ్య గారు. బిషప్పులు ఉండవలెనా, అభిషేకము ఎవరు ఇయ్యవలెను అను ప్రశ్నలు చిన్నవి కావు. 28 సంవత్సరములు కూర్చుండి మాటలాడిరి, ప్రార్థించిరి. అజరయ్య గారు 1945 జనవరి 1న నిద్రించిరి, ఫలము చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంఘములవారు కలసి దక్షిణ ఇండియా సంఘమైరి. అంతకుముందే అభిషేకము పొందిన ఏ సంఘపు పాదిరిని మరల అభిషేకము పొందుమని వారు నిర్బంధింపలేదు. అన్ని సంఘములు అందులో చేరలేదు. బాప్తిస్టు, లూథరను సహోదరులు వేరుగా నిలిచిరి. అయినను ఒకరినొకరు వినుటకు వారు ఓర్చుకొన్న 28 ఏండ్లను చూడగా, మనము ఒక్క పెద్దల కూటములో ఒక గంట ఓర్చుకొనలేకపోవుట మనలను సిగ్గుపరచవలెను.

7. ఎఫెసుకు వచ్చిన మరియొక ఉత్తరము

ఎఫెసు సంఘమునకు పిమ్మట ఏమి జరిగెను? ప్రకటన గ్రంథము రెండవ అధ్యాయములో ప్రభువు తానే ఆ సంఘమునకు వ్రాయించిన మాట ఉన్నది. అబద్ధ అపొస్తలులను వారు పరీక్షించి పట్టుకొనిరని ప్రభువు మెచ్చుకొనెను. పౌలు హెచ్చరిక వృథా కాలేదు. తోడేళ్లను వారు గుర్తుపట్ట నేర్చుకొనిరి. అయితే మొదట నుండిన ప్రేమను విడిచితిరని ఆయన వారిమీద తప్పు మోపెను. మారుమనస్సు పొందనియెడల దీపస్తంభమును తీసివేతునని హెచ్చరించెను (2:2–5). సిద్ధాంతము సరిగా ఉండియు ప్రేమ చల్లారినయెడల దీపము నిలువదు. ప్రేమ ఉన్నదని చెప్పి సత్యమును విడిచినను దీపము నిలువదు. నూనె లేని వత్తి కాలి పొగ చిమ్మును. వత్తి లేని నూనె వెలుగే ఇయ్యదు.

8. మనము చేయవలసినది

కనుక ఈ నెలనుండి మన సంఘములలో ఈ నాలుగు సంగతులు పాటించుదము.

1) కూటములో ఎవరైనను ఒక వచనము చెప్పునప్పుడు, ఆ అధ్యాయమంతయు ఒకరు పైకి చదువవలెను. చదువరాని తల్లులు వినునట్లు నిదానముగా చదువవలెను.

2) ఒకరు పొరపాటుగా వివరించినయెడల, నలుగురిలో ఎత్తిచూపక, ఇంటికి పోయి ఒంటరిగా మాటలాడవలెను. పాదిరి పొరబడినను ఇదే నియమము. ఇంటికి వచ్చి చెప్పుడి, మేము వినుటకు ఇష్టపడుచున్నాము.

3) పెద్దల కూటములో వాదము వేడియైనప్పుడు, ఎవరును వచనము ఎత్తక, మొదట కలహమునకు మూలమైన సంగతిని తేటగా చెప్పుకొనవలెను. నీరైతే నీరు, గట్టైతే గట్టు, పదవియైతే పదవి.

4) ఇదివరకే ఒకరితో మాటలు మానియున్నవారు, ప్రభురాత్రి భోజనమునకు ముందు, తామే మొదట ఆ ఇంటి గడప త్రొక్కవలెను. తప్పు ఎవరిదో తేలువరకు వేచియుండవద్దు.

గృహకూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మనము తరచుగా చెప్పు ఒక వచనమును ఎంచుకొని, దాని ముందు వెనుకలు చదువుడి. మనము వాడుచున్న అర్థము నిలుచునా?
2. మన సంఘములో ఇప్పుడున్న భేదములలో ఏవి సువార్త వెన్నెముకను తాకునవి? ఏవి మనస్సాక్షికి విడువదగినవి?
3. మన మాటవలన నోరు మూసికొనిన సహోదరుడుగాని సహోదరిగాని ఉన్నారా? ఈ వారము వారి ఇంటికి ఎప్పుడు పోవుదుము?

ప్రార్థన

ప్రభువా, నీ వాక్యమును మా చేతికి ఇచ్చితివి. మా కోపమునకు దానిని పనిముట్టుగా వాడిన దినములను మన్నించుము. తిన్నగా కోయు చేతిని, నిదానముగా పలుకు నాలుకను మాకు దయచేయుము. మా మాటలవలన దూరమైనవారి ఇంటి త్రోవ మాకు చూపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.